అమ్మకు మొదటి కీమో అయింది. ఎర్ర మందు తర్వాత ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

తెనాలి అమ్మాయి
మే 29, రాత్రి 10:15

అందరికీ నమస్కారం. ఇక్కడ రాయడం ఇదే మొదటిసారి. మా అమ్మకు 56 ఏళ్లు. కుడి రొమ్ములో క్యాన్సర్, రెండో స్టేజి అన్నారు. ఆపరేషన్ అయి నెల దాటింది. 26న మొదటి కీమో ఎక్కించారు. ఫైలులో "ఏసీ 4, తర్వాత వారం వారం పాక్లిటాక్సెల్ 12" అని రాసి ఉంది.

ఏసీ అంటే రెండు మందుల కీమో, నాలుగు సార్లు; పాక్లిటాక్సెల్ ఇంకో కీమో మందు, పన్నెండు సార్లు. ఏసీలో ఒకటి డాక్సోరుబిసిన్ అట. సిరంజిలో ఎర్రగా ఉంది, డే కేర్‌లో (కీమో ఎక్కించి ఆ రోజే ఇంటికి పంపే వార్డు) అందరూ "ఎర్ర మందు" అనే పిలుస్తున్నారు. ఇంటికొచ్చాక అమ్మకు మూత్రం కూడా ఎర్రగా వచ్చింది. రక్తం అనుకుని ఆ రాత్రి మాకెవరికీ నిద్ర లేదు. పొద్దున ఫోన్ చేస్తే అది మందు రంగే, ఒకటి రెండు రోజుల్లో పోతుంది అన్నారు. పోయింది.

నా అసలు టెన్షన్ వేరు. అమ్మ ఏమీ చెప్పదు. ఎలా ఉందమ్మా అంటే "బానే ఉన్నానే, నువ్వు ఆఫీసు పని చూసుకో" అంటుంది. నిన్న వాంతి చేసుకుంటూ, శబ్దం మాకు వినపడకుండా కుళాయి తిప్పి పెట్టిందని నాన్న చెప్పారు. ఇంకో విషయం. వాంతులకు రాసిన మాత్రల్లో ఒలాంజపిన్ ఉంది. నెట్‌లో చూస్తే మానసిక జబ్బులకు వాడే మందు అని వచ్చింది. భయమేసి నేనే ఆపేశాను. తప్పు చేశానా?

గోదారి గట్టు
మే 29, రాత్రి 10:48

అమ్మాయ్, ముందు కాస్త ఊపిరి తీసుకో. నాకూ ఇదే ఏసీ, ఇదే పాక్లిటాక్సెల్. అయిపోయి నాలుగేళ్లయింది. ఇవాళ పొద్దున మా మనవరాలికి జడ వేసి బడికి పంపాను.

మీ అమ్మ చేసిందే నేనూ చేశాను. పిల్లలు ఉద్యోగాలు మానుకుని నా చుట్టూ తిరుగుతున్నారని వాంతులు దాచాను, నోటి పుండ్లు దాచాను. రెండో సైకిల్, అంటే రెండో విడత కీమో తర్వాత మూడు రోజులు నీళ్లు కూడా దిగక కళ్లు తిరిగి పడిపోయాను. సెలైన్ ఎక్కిస్తూ డాక్టరమ్మ అడిగింది, "మీరు చెప్పకపోతే మందు ఎలా మార్చనమ్మా?" అని. వాంతులకు ఒక మందు పని చేయకపోతే ఇంకోటి ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. కీమో అంటే అంతే, ఓర్చుకోవాలి అనుకున్నాను.

ఎర్ర మందుతో గుండె సంగతి కూడా చూస్తారు. మొదటి కీమోకు ముందు 2డి ఎకో తీశారా?

మందుల షాపు బాబాయి
మే 29, రాత్రి 11:05

తల్లీ, తప్పేమీ కాదు, కానీ ఆ మాత్ర ఆపకూడదు. నేను ఫార్మసిస్టును. కీమో వార్డు చీటీలు ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను.

ఒలాంజపిన్ మానసిక జబ్బులకు వాడే మాట నిజమే. మెదడులో వాంతి పుట్టించే సంకేతాలు కొన్నింటిని కూడా అది అడ్డుకుంటుంది. అందుకే ఏసీ లాంటి గట్టి కీమోకు ఒండాన్‌సెట్రాన్ రకం మందు, అప్రెపిటాంట్, డెక్సామెథాసోన్‌తో పాటు దీన్నీ ఇస్తారు. తక్కువ రోజులే. ముంబైలో టాటా మెమోరియల్ వాళ్లు 10 మి.గ్రా., 2.5 మి.గ్రా. డోసులను పోల్చి చూశారు. 2024లో ఫలితాలు వచ్చాయి. చిన్న డోసు కూడా వాంతులు ఆపడంలో తీసిపోలేదు, పగటి మత్తు మాత్రం తగ్గింది. అమ్మగారికి మరీ మత్తుగా ఉంటే డోసు గురించి డాక్టరు గారిని అడగండి, రాత్రి పడుకునే ముందు వేసుకోవచ్చేమో కూడా అడగండి. మీ అంతట మీరు ఆపకండి.

డెక్సామెథాసోన్ స్టెరాయిడ్. దాన్ని పొద్దున టిఫిన్ తర్వాత వేయండి, సాయంత్రం వేస్తే రాత్రంతా నిద్ర పట్టదు. అమ్మగారికి షుగర్ ఉందా?

తెనాలి అమ్మాయి
మే 29, రాత్రి 11:20

ఎకో తీశారండీ, బాగుందన్నారు. షుగర్ ఉంది బాబాయ్, మెట్‌ఫార్మిన్ వాడుతోంది. ఇప్పుడే చూశాం, 291!

మందుల షాపు బాబాయి
మే 29, రాత్రి 11:26

అది స్టెరాయిడ్ ప్రభావం అయి ఉండొచ్చు. ఆ మాత్రలున్న రోజుల్లో షుగర్ పెరుగుతుంది, తర్వాత దిగుతుంది. రోజుకు రెండు సార్లు చూసి రాసి పెట్టండి. రేపు పొద్దునే ఫోన్ చేసి ఆ అంకె చెప్పండి. మెట్‌ఫార్మిన్ మీరే పెంచవద్దు.

డే కేర్ సిస్టర్
మే 30, ఉదయం 6:10

నైట్ డ్యూటీ అయి ఇప్పుడే చూశాను. బాబాయి గారు, గట్టు అక్క మంచి మాటలు చెప్పారు. నేను ఒక్క విషయం మీదే గట్టిగా చెబుతాను. జ్వరం.

కీమో ఎక్కిన ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా తెల్ల కణాలు బాగా పడిపోతాయి. మామూలు రోజుల్లో ఒంట్లోకి సూక్ష్మజీవి వస్తే ఆ కణాలే పోరాడతాయి. ఇప్పుడు పోరాడేవాళ్లే లేరు. చీము పట్టదు, దగ్గు కూడా పెద్దగా ఉండకపోవచ్చు. జ్వరం ఒక్కటే గుర్తు. అందుకని ఇవాళే డిజిటల్ థర్మామీటర్ కొనండి. నుదుటి మీద చెయ్యి పెట్టి చూడటం లెక్క కాదు. 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే అర్ధరాత్రి అయినా ఆసుపత్రికి బయలుదేరాలి. చలితో వణుకు వస్తే జ్వరం లేకపోయినా వెళ్లాలి. ముందుగా పారాసెటమాల్ వేయకండి. అంకె దిగుతుంది కానీ లోపల ఇన్ఫెక్షన్ అలాగే ఉంటుంది, మనం తగ్గిందనుకుంటాం.

ఇంట్లోవాళ్లకు ఒక జాగ్రత్త. కీమో అయిన 48 గంటల దాకా మూత్రంలో, వాంతిలో మందు అవశేషాలు ఉంటాయి. మూత మూసి రెండు సార్లు ఫ్లష్ చేయండి. వాంతి పడిన బట్టలు గ్లౌజులు వేసుకుని విడిగా ఉతకండి. పక్కన కూర్చోవడానికి, చెయ్యి పట్టుకోవడానికి, పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకోవడానికి ఏ భయమూ లేదు. అంటుకునే జబ్బు కాదిది. కొన్ని ఇళ్లలో కంచం, గ్లాసు వేరు పెడుతున్నారు. అది చూస్తే నాకు చాలా బాధగా ఉంటుంది.

నీళ్లు బాగా తాగించండి. ఏసీలో రెండో మందు సైక్లోఫాస్ఫమైడ్ మూత్రాశయం లోపలి పొరను మండిస్తుంది. మూత్రం ఆపుకోకుండా తరచూ వెళ్లాలి.

సీమ పెద్దాయన
మే 30, ఉదయం 9:32

అమ్మా, బొప్పాయి ఆకు రసం పొద్దున్నే పరగడుపున ఒక గ్లాసు ఇవ్వండి. కణాలు పెరుగుతాయి. మా వీధిలో డెంగీ వచ్చినప్పుడు అందరూ తాగినారు. బిళ్ళ గన్నేరు ఆకు కూడా క్యాన్సర్‌కు మంచిదంటారు, దాన్నుంచే మందు తీస్తారంట.

డే కేర్ సిస్టర్
మే 30, ఉదయం 11:50

పెద్దాయన గారూ, మీరు మంచి మనసుతో చెప్పారు. అయినా ఈ రెండూ వద్దండీ.

బిళ్ళ గన్నేరు నుంచి మందు తీస్తారన్నది నిజం. విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ రెండూ దాన్నుంచి వచ్చినవే. కానీ ఆ విన్‌క్రిస్టిన్‌ను మేము మిల్లీగ్రాముల్లో కొలిచి, ఇద్దరం సరిచూసి, నేరుగా రక్తనాళంలోకే ఇస్తాం. నరాలను దెబ్బతీసే మందు అది. ఆకు నమిలితే ఎంత పోతుందో, ఏమేం పోతాయో ఎవరూ చెప్పలేరు. షుగర్‌కని ఆ ఆకులు నమిలేవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు, అందుకే ఇంతగా చెబుతున్నాను.

బొప్పాయి ఆకు రసం పచ్చిది. తెల్ల కణాలు లేని మనిషికి కడుపులోకి పచ్చి ఆకు రసం అంటే సూక్ష్మజీవులను పిలిచినట్టే. పైగా లివర్ టెస్టులు తేడా వస్తే అది కీమో వల్లో రసం వల్లో తెలియక తర్వాతి సైకిల్ ఆగిపోతుంది. ఏ పొడి అయినా, ఏ కషాయం అయినా ముందు డాక్టరుకు చూపించండి.

గోదారి గట్టు
మే 30, మధ్యాహ్నం 1:15

తిండి గురించి నేను చెబుతా. నాకు మొదటి వారం పోపు వాసన వస్తే చాలు కడుపులో తిప్పేది. మా కోడలు వంట పెరట్లో చేసేది. చల్లారిన ఇడ్లీ, పెరుగన్నం, పల్చటి రాగి జావ, ఉడికించిన గుడ్డు. కొంచెం కొంచెంగా ఆరేడు సార్లు. నోరంతా ఇనుప రుచి వేసేది, స్టీలు చెంచా మానేసి చెక్క గరిటతో తిన్నా. గుడ్డు పూర్తిగా ఉడకాలి. పళ్లు బాగా కడిగి, తొక్క తీసి పెట్టండి. బయట కొబ్బరి చట్నీ, చెరుకు రసం, కోసి పెట్టిన పుచ్చకాయ ముక్కలు వద్దు. అంతకు మించి అది తినకూడదు ఇది తినకూడదు అని పథ్యాలు పెట్టి మనిషిని ఎండగట్టకండి. పంచదార తింటే క్యాన్సర్ పెరుగుతుందని మా ఆడపడుచు నాకు రెండు నెలలు కాఫీలో చక్కెర వేయనివ్వలేదు. ఆ రోజుల్లో నాకు దిగేది ఆ కాఫీ ఒక్కటే. మీ అమ్మకు షుగర్ జబ్బు ఉంది కాబట్టి ఆ లెక్క వేరు.

నోటికి ఉప్పు, వంట సోడా. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో చెంచా ఉప్పు, చెంచా సోడా. తిన్న ప్రతిసారీ పుక్కిలించాలి. ఘాటు మౌత్‌వాష్‌లు వద్దు, మండుతాయి. మెత్తటి బ్రష్ వాడండి. ఆవకాయ కొన్నాళ్లు జాడీలోనే ఉండనీ.

తెనాలి అమ్మాయి
జూన్ 5, రాత్రి 11:18

ఎవరైనా మేల్కొని ఉన్నారా? అమ్మకు 100.8 ఉంది. కీమో అయి ఇవాళ్టికి పదో రోజు. "ఒక డోలో వేసుకుని పడుకుంటా, పొద్దున చూద్దాం, ఇంత రాత్రి నాన్నను ఇబ్బంది పెట్టకు" అంటోంది. మిగతా అంతా మామూలుగానే ఉంది. నవ్వుతూ మాట్లాడుతోంది కూడా.

ఓరుగల్లు తమ్ముడు
జూన్ 5, రాత్రి 11:21

అక్కా, ఇప్పుడే బయలుదేరు. పొద్దున దాకా ఆగకు.

మా నాయినకు లింఫోమా క్యాన్సర్. రెండో కీమో తర్వాత తొమ్మిదో రోజు ఇట్లనే జ్వరం వచ్చింది. ఆయన కూడా మంచిగనే మాట్లాడిండు. రాత్రి కదా అని డోలో వేసినం. తెల్లారేసరికి బీపీ పడిపోయింది. క్యాజువాలిటీలో అదొక మామూలు జ్వరం అనుకుని లైన్‌లో కూర్చోబెట్టిన్రు, కీమో అయిందని మేమూ ముందే గట్టిగ చెప్పలే. నాయిన తిరిగి రాలే. మూడేండ్లయింది. మీరు బండి తీయండక్కా.

డే కేర్ సిస్టర్
జూన్ 5, రాత్రి 11:24

వెంటనే వెళ్లండి. నవ్వుతూ ఉండటం చూసి మోసపోవద్దు. డోలో వేయకండి. ఫైలు తీసుకోండి. క్యాజువాలిటీలో మొట్టమొదటి మాట ఇదే కావాలి: "కీమో అయి పది రోజులు, జ్వరం 100.8." కీమో పేరు, తేదీ చెప్పండి. బ్లడ్ కౌంట్, బ్లడ్ కల్చర్ తీసి, రిపోర్టు కోసం ఆగకుండా గంట లోపల యాంటీబయాటిక్ ఇంజెక్షన్ మొదలుపెట్టాలి. ఇంకా ఇవ్వలేదేమని అడగండి. అడగడానికి మొహమాటపడొద్దు.

తెనాలి అమ్మాయి
జూన్ 5, రాత్రి 11:26

కారు తీశాం. వెళ్తున్నాం.

గోదారి గట్టు
జూన్ 6, ఉదయం 5:40

అమ్మాయ్, ఏమైంది? రాత్రంతా ఫోన్ చూస్తూనే ఉన్నా.

తెనాలి అమ్మాయి
జూన్ 6, ఉదయం 10:05

అడ్మిట్ చేశారు. 12:20కే ఇంజెక్షన్ పెట్టారు. తెల్ల కణాలు మొత్తం 900, అందులో ఇన్ఫెక్షన్‌తో పోరాడే న్యూట్రోఫిల్స్ అనే కణాలు 22 శాతం. డ్యూటీ డాక్టరు కాగితం మీద లెక్క వేసి చూపించారు: 900లో 22 శాతం అంటే 198. ఐదు వందల లోపు ఉంటే చాలా ప్రమాదమట. తెల్లవారుజామున 3 గంటలకు జ్వరం 103కి వెళ్లింది, వణికిపోయింది. అప్పటికి సెలైన్, మందులు ఎక్కుతూ ఉన్నాయి. ఇంట్లో ఉండి ఉంటే అన్న ఆలోచన వస్తేనే నా చేతులు ఆడటం లేదు.

ఓరుగల్లు తమ్ముడూ, నీకు ఏమని రాయాలో తెలియడం లేదు. నువ్వు ఆ మాట రాయకపోతే నేను అమ్మ మాట వినేదాన్ని.

ఓరుగల్లు తమ్ముడు
జూన్ 6, ఉదయం 10:30

అమ్మ మంచిగుంటే చాలు అక్కా.

తెనాలి అమ్మాయి
జూన్ 11, సాయంత్రం 6:00

ఇవాళ ఇంటికొచ్చాం. తెల్ల కణాల కౌంట్ 3,800కి పెరిగింది. తర్వాతి కీమో 16ననే ఇస్తామన్నారు, ఈసారి మర్నాడు తెల్ల కణాలను పెంచే పెగ్‌ఫిల్‌గ్రాస్టిమ్ అనే ఇంజెక్షన్ కూడా. దాని ఎంఆర్‌పీ చూసి నాన్న బాగా కంగారుపడ్డారు.

మందుల షాపు బాబాయి
జూన్ 11, రాత్రి 8:12

ఎంఆర్‌పీ చూసి భయపడకండి. ఆ మందు మన దేశంలో చాలా కంపెనీలు తయారు చేస్తున్నాయి, ధరలో తేడా చాలా ఎక్కువ. ఆసుపత్రి ఫార్మసీలో ఒకటే చూపిస్తే, ఇదే మందు తక్కువ ధరలో ఏది వాడొచ్చో డాక్టరునే అడగండి. 2019లో కేంద్రం 42 క్యాన్సర్ మందుల మీద వ్యాపారి లాభాన్ని 30 శాతానికి పరిమితం చేసింది. అప్పటి నుంచి చాలా వాటి ధరలు దిగాయి. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు మీద ప్యాకేజీలో ఏవి వస్తాయో అక్కడి ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోండి.

కీమో అయిన 24 గంటల తర్వాతే అది వేయాలి. ఫ్రిజ్‌లో ఉంచాలి, డీప్ ఫ్రీజర్‌లో కాదు. ఇంజెక్షన్ తర్వాత రెండు మూడు రోజులు నడుము, తొడ ఎముకలు లాగుతాయి. మజ్జ కణాలను తయారు చేస్తున్నప్పుడు వచ్చే నొప్పి అది. దానికి ఏం వేసుకోవాలో ముందే రాయించుకోండి.

తెనాలి అమ్మాయి
జూన్ 14, మధ్యాహ్నం 12:40

జుట్టు రాలడం మొదలైంది. దిండు మీద, అన్నంలో, అంతటా. అమ్మ జడ మోకాళ్ల దాకా ఉండేది. ఆమె ఏడవలేదు. "ఎలాగూ పోయే జుట్టు, వెంకన్నకే ఇచ్చుకుంటా, తిరుమల తీసుకెళ్లండి" అంది. వెళ్లొచ్చా?

డే కేర్ సిస్టర్
జూన్ 14, మధ్యాహ్నం 2:20

కౌంట్ ఇప్పుడే కోలుకుంది. రెండు రోజుల్లో మళ్లీ కీమో. ఆ క్యూలైన్ల జనంలోకి ఇప్పుడు వద్దమ్మా. ఇంటి దగ్గరే తీయించండి. బ్లేడుతో గొరగవద్దు, చిన్న గాటు పడినా ఇన్ఫెక్షన్‌కు దారి. ట్రిమ్మర్‌తో తీయమనండి.

గోదారి గట్టు
జూన్ 14, సాయంత్రం 4:05

నేను అలాగే చేశా. మొదటి మూడు పాయలు పసుపు గుడ్డలో ముడుపు కట్టి దేవుడి గూట్లో పెట్టా. అన్నీ అయ్యాక, మళ్లీ వేలెడు జుట్టు వచ్చాక, కొండకు వెళ్లి ముడుపు చెల్లించి, ఆ కొత్త జుట్టు కూడా ఇచ్చేసి వచ్చా. ఆఖరి కీమో తర్వాత రెండు మూడు నెలలకే వస్తుంది. నాకు ముందు ఉంగరాలుగా వచ్చింది. రాత్రిళ్లు తల చల్లబడుతుంది, మెత్తటి నూలు గుడ్డ కట్టించు.

పాలమూరు మాస్టారు
జూలై 9, ఉదయం 8:30

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నాది పెద్దపేగు క్యాన్సర్, కేపాక్స్ నడుస్తోంది. ఆక్సాలిప్లాటిన్ డ్రిప్‌లో, కేపసైటబిన్ మాత్రలు 14 రోజులు. మొదటిసారి ఇంటికి వచ్చి కుండలో నీళ్లు తాగితే గొంతు పట్టేసి ఊపిరి ఆగిపోయినట్టయింది. ఫ్రిజ్ తలుపు ముట్టుకుంటే వేళ్లకు కరెంటు కొట్టినట్టు. అది ఆ మందు లక్షణమేనని, కొన్ని రోజులు గోరువెచ్చని నీళ్లే తాగాలని తర్వాత తెలిసింది. ముందే చెప్పి ఉంటే ఆ భయం తప్పేది.

ఇప్పుడు రెండు సమస్యలు. అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి తోలు ఊడుతోంది. రేషన్ షాపులో వేలిముద్ర పడటం లేదు, మూడుసార్లు తిప్పి పంపారు. రెండోది, నీరసంగా ఉందని మా బావమరిది రక్తం పట్టడానికి ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు తెచ్చాడు. వేసుకోనా?

మందుల షాపు బాబాయి
జూలై 9, ఉదయం 9:45

మాస్టారూ, ఫోలిక్ యాసిడ్ ఇప్పుడు వద్దు. ఇది చాలా ముఖ్యం. కేపసైటబిన్ ఒంట్లో 5-ఎఫ్‌యూ అనే కీమో మందుగా మారి పని చేస్తుంది. ఫోలిక్ యాసిడ్ లాంటి ఫోలేట్ ఎక్కువైతే దాని విషప్రభావం కూడా పెరుగుతుంది. విరేచనాలు, నోటి పుండ్లు, ఈ చేతుల తోలు ఊడటం, అన్నీ. రక్తం పలచన చేసే వార్ఫరిన్ వాడుతుంటే అది కూడా డాక్టరుకు చెప్పండి, ఈ రెండూ కలిస్తే రక్తస్రావం కావచ్చు.

చేతులకు యూరియా 10 శాతం ఉన్న క్రీము. ఇంకోటి, ఢిల్లీ ఎయిమ్స్ వాళ్లు కేపసైటబిన్ వాడే 264 మంది మీద నొప్పులకు రాసే డైక్లోఫెనాక్ జెల్ పరీక్షించారు. జెల్ రాసినవాళ్లలో 3.8 శాతం మందికే ఈ సమస్య చెప్పుకోదగ్గంతగా వచ్చింది, మందు లేని ఉత్త జెల్ రాసినవాళ్లలో 15 శాతం మందికి వచ్చింది. అది రాకముందు నుంచి రాసిన లెక్క. మీకిప్పుడు తోలు ఊడుతోంది కాబట్టి ఏదీ రాయకముందు డాక్టరుకు చేతులు చూపించండి. నడవలేనంత మంటగా ఉంటే మాత్రలు కొన్నాళ్లు ఆపి డోసు తగ్గిస్తారు. వేడి నీళ్లలో గిన్నెలు తోమడం, బిగుతు చెప్పులు మానండి.

వేలిముద్రకు మీరే వెళ్లనక్కర్లేదు, కార్డులో ఉన్న ఇంకొకరు వేయొచ్చు. లేదంటే కంటిపాప స్కాన్ అడగండి.

భీమవరం కుర్రాడు
జూలై 9, రాత్రి 9:10

ఫోలిక్ యాసిడ్ మాట వచ్చింది కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేను. మా ఊళ్లో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ యాసిడ్ మీద పనిచేశారు. ఆయన బృందమే దానికి వ్యతిరేకంగా పని చేసే అమినోప్టెరిన్, తర్వాత మెథోట్రెక్సేట్ తయారు చేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు 1947 చివర్లో ఆ అమినోప్టెరిన్‌ను రక్త క్యాన్సర్ పిల్లలకు ఇవ్వడం మొదలుపెట్టారు. 16 మందిలో 10 మందికి జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. అంతకుముందు ఆ పిల్లలను వారాల్లోనే పోగొట్టుకునేవాళ్లు. ఆ ఫలితాలు అచ్చయిన 1948లోనే సుబ్బారావు గారు కన్నుమూశారు.

మా చెల్లికి చిన్నప్పుడు రక్త క్యాన్సర్. మెథోట్రెక్సేట్ ఎక్కించాక లూకోవోరిన్ అని ఇంకో ఇంజెక్షన్ గడియారం చూసి ఇచ్చేవారు. అది ఫోలిక్ యాసిడ్ రూపమేనట, మంచి కణాలను కాపాడటానికి. ఒక్క గంట ఆలస్యమైనా నర్సమ్మలు పరుగెత్తేవాళ్లు. ఇప్పుడు చెల్లి బీటెక్ రెండో సంవత్సరం.

పాలమూరు మాస్టారు
జూలై 10, ఉదయం 7:15

ఆ మాత్రలు వెనక్కి ఇచ్చేశాను. చెల్లెలికి నా ఆశీస్సులు, బాబూ.

తెనాలి అమ్మాయి
సెప్టెంబర్ 24, రాత్రి 9:30

చాలా రోజులైంది. నాలుగు ఏసీలు అయ్యాయి, మళ్లీ జ్వరం రాలేదు. పాక్లిటాక్సెల్ ఆరోది మొన్న 22న అయింది. వాంతులు లేవు, అన్నం తింటోంది. కానీ వేలి చివర్లు, కాలి వేళ్లు తిమ్మిరి. జాకెట్టు హుక్కులు పెట్టుకోలేకపోతోంది. వాకిట్లో ముగ్గు వేస్తుంటే పిండి వేళ్ల మధ్య నిలవడం లేదట. ఈసారి తనే చెప్పింది! గట్టు అక్క సలహా మీద ఒక నోట్‌బుక్ కొనిచ్చాను, రోజూ రాత్రి అందులో రాస్తోంది.

డాక్టరు గారు చూసి డోసు కొంచెం తగ్గిస్తామన్నారు. నాన్నకు భయం, డోసు తగ్గితే జబ్బు మిగిలిపోతుందేమో అని.

డే కేర్ సిస్టర్
సెప్టెంబర్ 25, ఉదయం 6:25

ఆ భయం చాలామందికి ఉంటుంది, దానివల్లే తిమ్మిరి దాస్తారు. నరం దెబ్బతింటే కొందరికి నెలల తరబడి, కొందరికి ఏళ్ల తరబడి ఉండిపోతుంది. హుక్కులు పెట్టుకోలేని దశలో తగ్గించడం సరైన పనే అని నాన్నగారికి చెప్పండి. తిమ్మిరితో పాటు మంట, పోట్లు ఉంటే డులోక్సెటిన్ అనే మాత్ర ఉంది, డాక్టరును అడగండి. ఉత్త తిమ్మిరికి మాత్రం అది పెద్దగా పని చేయదు.

ఇంట్లో కూడా చెప్పుల్లేకుండా నడవనివ్వకండి. షుగర్ ఉన్న మనిషి, కాలికి గుచ్చుకున్నా తెలియదు. స్నానం నీళ్ల వేడి మోచేత్తో చూడాలి. పొయ్యి మీద గిన్నె గుడ్డతోనే దించాలి.

డాలస్ తెలుగు
సెప్టెంబర్ 25, ఉదయం 8:40

ఇక్కడ మా అత్తగారికి ఇదే మందు ఇస్తున్నంతసేపూ చేతులకు, కాళ్లకు ఐసు గ్లౌజులు వేసేవారు. గోళ్లు నల్లబడి ఊడకుండా అది బాగా ఉపయోగపడుతుందని, తిమ్మిరి విషయంలో మాత్రం అందరికీ ఒకేలా ఉండదని సిస్టర్ చెప్పింది. మీ డే కేర్‌లో ఒప్పుకుంటే ఇంటి నుంచే ఐస్ ప్యాక్‌లు గుడ్డలో చుట్టి తీసుకెళ్లొచ్చు.

తెనాలి అమ్మాయి
సెప్టెంబర్ 28, సాయంత్రం 5:50

రేపు ఏడోది. ఐస్ ప్యాక్‌లకు ఒప్పుకున్నారు. అమ్మ తన నోట్‌బుక్‌లో పేజీ మీ అందరికీ పంపమంది. తను రాసింది రాసినట్టే పెడుతున్నాను:

"మంగళవారం. వేళ్లు మొద్దు. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకున్నాను. రాత్రి రెండు సార్లు మెలకువ.
బుధవారం. పప్పు, దొండకాయ వేపుడు తిన్నాను. రుచి తెలిసింది. ఆవకాయ బద్ద ఒక్కటి నాలుక మీద పెట్టుకున్నాను, మండలేదు.
గురువారం. విరేచనం కాలేదు. ఈసబ్‌గోల్ తాగాను.
శుక్రవారం. అయింది. కుడి చేతి గాజులు బిగుతుగా ఉన్నాయి. సబ్బు రాసి తీశాను.
శనివారం. బాగున్నాను. తెనాలి నుంచి చెల్లెలు వచ్చింది. ఓరుగల్లు అబ్బాయి బాగున్నాడా అడగాలి."

ఓరుగల్లు తమ్ముడు
సెప్టెంబర్ 28, రాత్రి 7:02

బాగున్ననమ్మా. మీరు జాగ్రత్త.

డే కేర్ సిస్టర్
సెప్టెంబర్ 28, రాత్రి 8:15

అమ్మాయ్, శుక్రవారం రాసింది మళ్లీ చదవండి. కుడి చేతి గాజులు. ఆపరేషన్ కూడా కుడి వైపే కదా? చంకలో గ్రంథులు తీసినవాళ్లకు ఆ చెయ్యి వాపు రావచ్చు. మొదట్లోనే పట్టుకుంటే వ్యాయామం, కట్టు, స్లీవ్ అనే చేతి తొడుగుతో అదుపులో ఉంటుంది. టేపుతో రెండు చేతులూ ఒకే చోట కొలవండి. మోచేతికి 10 సెంటీమీటర్లు పైన, 10 కింద. ఆ చేతికి బీపీ పట్టీ, సూది, బిగుతు గాజులు వద్దు. ఎర్రగా, వేడిగా ఉన్నా, నొప్పి లేదా జ్వరం ఉన్నా రేపటిదాకా ఆగకుండా ఇవాళే చూపించాలి.

తెనాలి అమ్మాయి
సెప్టెంబర్ 28, రాత్రి 8:40

కొలిచాం. పైన 2 సెంటీమీటర్లు తేడా ఉంది, కింద ఒకటి. ఎరుపు లేదు, నొప్పి లేదు, జ్వరం 98.2. అంకెలు నోట్‌బుక్‌లో రాసింది. రేపు సూది పెట్టకముందే డాక్టరు గారికి చూపిస్తానంటోంది.